ఉప్పునీటి అక్వేరియంలో సముద్ర నత్తల పెంపకం: గుడ్డు నుంచి పిల్ల నత్త దాకా

రాత్రి దీపాలు ఆర్పిన కాసేపటికి ట్రోకస్ నత్త ఒకటి అద్దం మీదుగా నీటి అంచు దాకా ఎక్కి, గుల్లను కొంచెం పైకెత్తి, కొన్ని క్షణాలకొకసారి పాలపొగ వంటి తెల్లని ధారను నీటిలోకి వదులుతుంది. ఉప్పునీటి అక్వేరియం నడిపేవారిలో చాలామంది ఈ దృశ్యాన్ని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. నత్తకు ఏదో జబ్బు చేసిందని కంగారుపడినవారూ ఉంటారు. అది జబ్బు కాదు, మగ నత్త వీర్యం విడుస్తున్నది. కొద్దిసేపటికి ఆడ నత్తలు కూడా లేత ఆకుపచ్చ రంగు రేణువుల వంటి గుడ్లను వదులుతాయి. తెల్లవారేసరికి నీరు మసకబారి, నీటిలోని మురికిని నురగగా తీసే స్కిమ్మర్ అనే పరికరం గిన్నె నురగతో పొంగి ఉంటుంది. మరో రెండు రోజులకు నీరు తేటపడుతుంది, పిల్లలు మాత్రం ఒక్కటీ కనబడవు.

నా తొట్టిలో మొదటి మూడు విడతలూ ఇలాగే పోయాయి. గుడ్లలో లోపం ఉందనీ, నీటిలో ఏదో తక్కువైందనీ చాలాకాలం అనుకున్నాను. నిజానికి లోపం గుడ్లలో లేదు. నత్తల చేత గుడ్లు విడిపించడం పెద్ద కష్టమైన పని కాదు. ఆ గుడ్ల నుంచి వచ్చిన డింభకాలు, అంటే నీటిలో ఈదే తొలి దశ పిల్లలు, ఈత మాని అడుగుకు దిగే రోజుకు, వాటి నోటికి సరిపడే పలుచని పాచి పొరను సిద్ధంగా ఉంచడమే అసలు పని. అందువల్ల ఈ మార్గదర్శిలో పనుల వరుస తలకిందులుగా కనిపించవచ్చు: ముందు పాచి, ఆ తరువాత పెద్ద నత్తలు, ఆఖరున గుడ్లు.

మొదటి మెట్టు: ఏ నత్తను పెంచాలో తేల్చుకోవడం

సముద్ర నత్తలన్నీ ఒకే తీరున పిల్లలను కనవు. ఏ జాతి ఇంట్లో సాధ్యం, ఏది కాదు అన్నది ఆ జాతి డింభకం ఎంతకాలం నీటిలో తేలుతుంది, ఆ కాలంలో ఏమి తింటుంది అన్న రెండు ప్రశ్నల మీదే ఆధారపడి ఉంటుంది. గుల్ల అందాన్ని బట్టి ఎంచుకున్నవారు సాధారణంగా ఇక్కడే దెబ్బతింటారు.

ట్రోకస్, టర్బో, ఆస్ట్రియా, స్టొమటెల్లా ఒక వర్గం. వీటిలో ఆడ, మగ వేరువేరుగా ఉంటాయి కానీ జతకట్టవు. రెండూ తమ బీజాలను నేరుగా నీటిలోకి వదలగా ఫలదీకరణం బయటే జరుగుతుంది. గుడ్డులో తగినంత సొన ఉండడం వల్ల డింభకం ఏమీ తినకుండానే కొద్ది రోజులు ఈది, అడుగుకు దిగి నత్తగా మారుతుంది. ట్రోకస్‌కు దీనికి పట్టే కాలం వెచ్చని నీటిలో 3 నుంచి 5 రోజులు. ఇంటి తొట్టికి ఇంతకంటే అనుకూలమైన లక్షణం మరొకటి లేదు.

రెండో వర్గంలో పిల్లలు గుడ్డు గుళికలోనే డింభక దశను ముగించుకొని, చిన్న గుల్లతో పాకుతూ బయటికి వస్తాయి. కొలంబెల్లిడ్ కుటుంబానికి చెందిన యూప్లికా వంటి బియ్యపు గింజంత నత్తలు, సెరిత్ అనే పొడవాటి గుల్ల నత్తలలో కొన్ని జాతులు ఇటువంటివి. వీటికి ప్రత్యేకంగా చేయవలసింది దాదాపు ఏమీ లేదు. వాటిని తినే చేపలు, హెర్మిట్ పీతలు లేని తొట్టిలో పది నత్తలను వదిలి, పాచిని పూర్తిగా గీకివేయకుండా ఉంచితే కొద్ది నెలల్లో వాటి సంతతి రాళ్ల నిండా కనిపిస్తుంది. మొదటిసారి ప్రయత్నించేవారికి ధైర్యం కావాలంటే వీటితో మొదలుపెట్టమనే చెబుతాను.

నసేరియస్, నెరైట్, స్ట్రాంబస్ జాతి శంఖపు నత్తలు మూడో వర్గం. ఇవి తొట్టిలో విరివిగా గుడ్లు పెడతాయి. నసేరియస్ గుళికలు అద్దం మీద పారదర్శకమైన పొలుసుల్లా వరుసగా అంటుకొని ఉంటాయి. నెరైట్ గుళికలు తెల్లని నువ్వుల్లా గట్టిగా ఉంటాయి. వాటిని చూసి సంబరపడేవారే ఎక్కువ. అయితే ఆ గుళికల నుంచి వచ్చే డింభకాలు వారాల తరబడి తేలుతూ సూక్ష్మ నాచును తిని పెరగవలసినవి కనుక, మామూలు తొట్టిలో అవి పంపులకు, ఫిల్టర్లకు, పగడాలకు బలైపోతాయి. వీటి గురించి చివరలో క్లుప్తంగా చెబుతాను.

ఇక ఈ మార్గదర్శి ప్రధానంగా చారల ట్రోకస్‌ను దృష్టిలో ఉంచుకొని రాసినది. ఆస్ట్రియా కూడా ఇదే పద్ధతిలో పెరుగుతుంది కానీ, ఇసుకలో వెల్లకిలా పడితే తనంతట తాను తిరగబడలేక అక్కడే చనిపోతుంది. ట్రోకస్ తన పాదాన్ని బాగా సాచి లేవగలదు. మెక్సికన్ టర్బో చాలా పెద్దది అవుతుంది, కాస్త చల్లని నీటిని కోరుకుంటుంది. మార్గరీటా అన్న పేరుతో అమ్మే నత్తలు చాలావరకు చల్లని సముద్రాలవి. పగడాల తొట్టిలోని వెచ్చదనానికి అవి కొద్ది నెలలకు మించి బతకవు, కాబట్టి వాటిని పెంపకానికి తీసుకోకూడదు.

ట్రోకస్ పెంపకం అక్వేరియం ప్రియులు కనిపెట్టినది కాదు. ముత్యపు మెరుపున్న బొత్తాల కోసం పెద్ద ట్రోకస్ గుల్లలను ఏళ్ల తరబడి ఏరడం వల్ల పసిఫిక్ దీవుల్లో వాటి సంఖ్య పడిపోగా, 1980ల నాటికే పలావ్‌లోని సముద్ర జీవుల పెంపక కేంద్రంలో వాటిని గుడ్డు దశ నుంచి పెంచడం మొదలైంది. ఇంట్లో మనం చేసేది ఆ పద్ధతినే చిన్న కొలతకు కుదించడం.

రెండో మెట్టు: తొట్లు, నీరు

మూడు పాత్రలు కావాలి. పెద్ద నత్తలకు 60 నుంచి 100 లీటర్ల తొట్టి, డింభకాలకు 10 నుంచి 15 లీటర్ల టబ్బు, పిల్ల నత్తలకు 30 లేదా 40 లీటర్ల తొట్టి. డింభకాల టబ్బు తెల్లగా, మూలలు లేకుండా గుండ్రంగా ఉంటే మంచిది. మూలల్లో మురికి పేరుకుంటుంది, తెల్లని అడుగున గుడ్లు స్పష్టంగా కనబడతాయి. పిల్లల తొట్టిలో పవర్ హెడ్ (నీటిని తోసే మోటారు) గానీ, స్కిమ్మర్ గానీ, అల్ట్రావయొలెట్ దీపం గానీ పెట్టకూడదు. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ ఒక్కటే చాలు. ఆ స్పాంజిని కనీసం నెల రోజుల ముందే పాత తొట్టిలో ఉంచి బ్యాక్టీరియా పట్టనిస్తే, కొత్త తొట్టిలో అమ్మోనియా బెడద ఉండదు.

నీటి విషయంలో నత్తలు చేపల కంటే సున్నితమైనవి. లవణీయత 35 పీపీటీ (వెయ్యి భాగాలకు 35 భాగాలు), అంటే సాపేక్ష సాంద్రత 1.026కు దగ్గరగా ఉండాలి. ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్, పీహెచ్ 8.1 నుంచి 8.4, కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు, క్షారత 8 నుంచి 10 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం), మెగ్నీషియం 1250 నుంచి 1350 మిల్లీగ్రాములు. గుల్ల కట్టేది కాల్షియం కార్బొనేట్‌తో కనుక కాల్షియం, క్షారత రెండింటిలో ఏది తగ్గినా పిల్లల గుల్ల అంచు సుద్దలా పొడిబారుతుంది. నత్తకు తన శరీరంలోని లవణాన్ని సరిచేసుకొనే శక్తి లేదు. బయటి నీటి లవణీయత ఎలా మారితే లోపలి ద్రవం కూడా అలాగే మారుతుంది. అందుచేత కొత్త నత్తలను తెచ్చినప్పుడు సన్నని గొట్టం ద్వారా చుక్కచుక్కగా తొట్టి నీటిని కలుపుతూ ఒకటి, రెండు గంటల సమయం ఇవ్వాలి. ఆవిరైన నీటి స్థానంలో ప్రతిరోజూ ఆర్‌ఓ నీటిని పోయడం ఎంత చిన్న తొట్టికి అంత ముఖ్యం.

రాగి గురించి ఒక్క మాట. చేపల పరాన్నజీవులకు వాడే రాగి మందు నత్తలకు విషం. ఒకప్పుడు ఆ మందు వాడిన తొట్టిని, గులకరాళ్లను, గొట్టాలను ఎంత కడిగినా సరే పెంపకానికి వాడకండి. నీరు తగిలే చోట ఇత్తడి బిగింపులు ఉంటే అవి కూడా తీసివేయాలి.

మూడో మెట్టు: పాచి పలకలు

ఈ పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టేది ఇక్కడే. అడుగుకు దిగిన పిల్ల నత్త పరిమాణం మిల్లీమీటరులో మూడో వంతు. దాని ఆకురాయి వంటి నాలుక పొడవాటి నాచు పోగులను కోయలేదు, ఎండు సముద్రపు నాచు రేకులను కొరకలేదు. అది గీకగలిగింది డయాటమ్‌లు అనే ఏకకణ నాచు, బ్యాక్టీరియా కలిసి ఏర్పరచిన గోధుమ రంగు పలుచని పొరను మాత్రమే. కొత్తగా మొదలుపెట్టిన తొట్టి అద్దాన్ని వేలితో రుద్దితే వేలికి అంటే తుప్పు రంగు పొడి అదే. ఆ పొర పిల్లకు ఆహారమే కాక, డింభకానికి అది ఒక సంకేతం కూడా. దాని రసాయన జాడ తగిలితే గానీ డింభకం ఈత మాని దిగదు. గులాబీ రంగు రాతి నాచు పట్టిన రాయి కూడా ఇటువంటి సంకేతాన్నే ఇస్తుంది.

పలకల కోసం పారదర్శకమైన ఆక్రిలిక్ ముక్కలు, మెరుగు లేని పింగాణీ పలకలు, ముడతల ప్లాస్టిక్ రేకులు ఏవైనా పనికివస్తాయి. వాటి పైభాగాన్ని గరుకు కాగితంతో రుద్దితే పొర త్వరగా పడుతుంది. పాత తొట్టి అద్దం మీది గోధుమ పొరను గీకి, ఆ నీటిని సన్నని గుడ్డతో వడగట్టి, అందులోని చిన్న పురుగులను, కోపెపాడ్‌లు అనే అతి చిన్న రొయ్యల వంటి జీవులను తొలగించి, ఆ తేట గోధుమ నీటిని పలకలున్న టబ్బులో పోయాలి. రోజుకు 10 నుంచి 12 గంటల వెలుతురు, మెల్లని గాలి బుడగలు ఇస్తే మూడు, నాలుగు వారాల్లో పలకలు గోధుమ రంగుకు తిరుగుతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. డయాటమ్‌ల గోడలు సిలికాతో తయారవుతాయి. మనం వాడే ఆర్‌ఓ నీటిలో సిలికా దాదాపు ఉండదు. మామూలు పగడాల తొట్టిలో సిలికేట్‌ను శత్రువుగా చూసి దాన్ని తొలగించడానికి తంటాలు పడతాం, కానీ పాచి టబ్బుకు అదే సిలికేట్ ప్రాణం. హేచరీలలో డయాటమ్‌లకు వాడే ఎఫ్/2 అనే పోషక ద్రావణంలో సోడియం మెటాసిలికేట్ లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు ఉంటుంది. పలకల టబ్బుకు అందులో పదో వంతు కూడా సరిపోతుందని నా అనుభవం. ఎక్కువైతే పొర మందమై, రేకులుగా ఊడిపోతుంది.

పొర ఎంత ఉండాలి? పలకను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పలుచని టీ నీళ్ల రంగులో, అవతలి వేలు మసకగా కనిపించేటంత ఉండాలి. ముదురు ఆకుపచ్చ జుట్టు వంటి నాచు మొలిచిన పలక పెద్ద నత్తలకు విందే కానీ, పిల్లలు ఆ పోగుల్లో చిక్కుకొని ఆకలితో చస్తాయి. ముదురు ఎరుపు రంగులో జిగటగా, దుప్పటిలా లేచే పొర కనిపిస్తే అది సయనోబ్యాక్టీరియా. ఆ పలకను తీసి, గీకి, ఎండబెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. కనీసం పన్నెండు పలకలు తయారుగా లేనిదే తరువాతి మెట్టు ఎక్కవద్దు.

నాలుగో మెట్టు: పెద్ద నత్తలను సిద్ధం చేయడం

ట్రోకస్‌లో ఆడ, మగ తేడా బయటికి కనిపించదు. ఎన్ని నత్తలు తీసుకోవాలన్నది కాబట్టి లెక్క మీద నడిచే విషయం: ఆడ, మగ సమానంగా ఉంటాయనుకుంటే, ఆరు నత్తలు తెచ్చినప్పుడు అందులో రెండూ ఉండే అవకాశం 97 శాతం, నాలుగే తెస్తే 87 శాతం. నేను ఎనిమిది తెస్తాను. వాటిలో ఒకటీ రెండూ మొదటి నెలలో చనిపోయినా పని ఆగదు.

కొనేటప్పుడు అద్దానికి గట్టిగా అంటుకొని ఉన్న నత్తనే ఎంచుకోవాలి. తిరగవేసి గుల్ల నోటి అంచును భూతద్దంతో చూడండి. తెల్లని బియ్యపు నూకల వంటి సన్నని నత్తలు అక్కడ గుంపుగా కనిపిస్తే అవి పిరమిడెల్లిడ్‌లు, పెద్ద నత్త రక్తరసాన్ని పీల్చే పరాన్నజీవులు. వాటిని తెలియక తొట్టిలోకి తెచ్చి, పిల్లలు పుట్టాయనుకొని సంతోషించినవారిని నేను ఎరుగుదును. పిల్ల ట్రోకస్ పుట్టుకతోనే గుండ్రని బొంగరంలా ఉంటుంది, పిరమిడెల్లిడ్ పొడవాటి సూదికొనలా ఉంటుంది. పిల్లలు అద్దం మీద చెదిరి ఉంటాయి, ఇవి ఆతిథేయి గుల్లను వదలవు.

తెచ్చిన నత్తలను ఆరు నుంచి ఎనిమిది వారాలు బాగా మేపాలి. అక్వేరియంలో నత్త చావడానికి అతి సాధారణ కారణం ఆకలి. తొట్టి శుభ్రంగా మెరిసిపోతోందంటే నత్తకు తిండి అయిపోయిందనే అర్థం. రాళ్ల మీద పాచిని పెరగనిస్తూనే, వారానికి రెండు, మూడు సార్లు నోరి అని పిలిచే ఎండు సముద్రపు నాచు రేకును చిన్న రాయికి రబ్బరు బ్యాండుతో కట్టి రాత్రిపూట అడుగున ఉంచాలి. ఉదయానికి మిగిలిన ముక్కలు తీసివేయాలి.

ఐదో మెట్టు: గుడ్లు విడిపించడం

ట్రోకస్‌లు సముద్రంలో అమావాస్య, పౌర్ణమి రోజులకు దగ్గరగా, రాత్రివేళ బీజాలు విడవడం ఎక్కువ. ఇంట్లోని నత్తలు ఈ లయను కొంత మరచిపోయినా, ఆ రోజుల్లో ప్రయత్నించడం వల్ల నష్టం లేదు.

సాయంత్రం నత్తలను తీసి, గుల్లలను మెత్తని బ్రష్‌తో తోమి, శుభ్రమైన ఉప్పునీరు 10 లీటర్లు పోసిన తెల్లని టబ్బులో వేయండి. ఆ నీటి లవణీయత వాటి తొట్టి నీటితో సరిగ్గా సమానంగా ఉండాలి, ఉష్ణోగ్రత మాత్రం రెండు డిగ్రీలు ఎక్కువ ఉండాలి. 29 డిగ్రీలు దాటనివ్వకండి. గాలి బుడగలను జోరుగా పెట్టి, గదిలో దీపం ఆర్పి, టబ్బు మీద నత్తలు బయటికి రాకుండా వల కప్పండి. కొత్త నీరు, వెచ్చదనం, చీకటి, ఈ మూడూ కలిసి చాలాసార్లు ఒకటి, రెండు గంటల్లోనే పని చేస్తాయి. ఆ రాత్రి ఏమీ జరగకపోతే నత్తలను తిరిగి వాటి తొట్టిలో వేసి, మరో రెండు వారాలు మేపి మళ్లీ ప్రయత్నించాలి. వరుసగా ప్రతి రాత్రీ వాటిని కదిలించడం వల్ల అవి నీరసించడం తప్ప ఫలితం ఉండదు.

సాధారణంగా మగవే ముందు మొదలుపెడతాయి. నీటిలో వీర్యం కలిసిన జాడ తగిలాక ఆడవి కూడా కదిలి, పైకెక్కి, గుడ్లు విడుస్తాయి. పెద్ద జాతి ట్రోకస్‌లో ఒక్క ఆడ నత్త లక్షల గుడ్లు వదలగలదు. చిన్న చారల ట్రోకస్‌లు అంత కాకపోయినా, ఇంటి తొట్టికి మోయలేనన్ని గుడ్లే ఇస్తాయి. వీర్యం మరీ చిక్కబడితే గుడ్లకు హాని కనుక, నీరు పాలలా మారుతున్నట్లు కనిపించగానే రెండు మగ నత్తలను ఉంచి తక్కిన మగవాటిని బయటికి తీయడం మంచిది. ఏది మగదో ఆ క్షణంలో మీకు స్పష్టంగా తెలుస్తుంది. ఆ గుల్లల మీద చిన్న గుర్తు పెట్టుకుంటే మరుసటి విడతకు లెక్క సులువవుతుంది.

ఒకవేళ పెద్ద తొట్టిలోనే, మీరు అనుకోని రాత్రి నత్తలు గుడ్లు విడిస్తే, ముందు గాలి పంపును జోరుగా నడపండి. అన్ని బీజాలు కుళ్లితే నీటిలోని ఆక్సిజన్ పడిపోయి చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తాయి. అడుగున చేరిన గుడ్లను కొన్నిటిని గొట్టంతో లాగి దాచుకొని, ఆ తరువాతే స్కిమ్మర్ నడిపి, నాలుగో వంతు నీరు మార్చండి.

ఆరో మెట్టు: మొదటి మూడు రోజులు

గుడ్లు విడిచిన అరగంటకు గాలి ఆపితే గుడ్లు అడుగున లేత పచ్చని దుమ్ములా పేరుకుంటాయి. ఒక్కో గుడ్డు మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. పైనీటిని మెల్లగా వంపేసి, అడుగు గుడ్లను సన్నని గొట్టంతో లాగి, 0.1 మిల్లీమీటరు రంధ్రాలున్న జల్లెడ మీద పట్టి, శుభ్రమైన ఉప్పునీటితో రెండు, మూడు సార్లు కడగాలి. జల్లెడ ఎప్పుడూ నీటిలోనే మునిగి ఉండాలి. గాలికి ఆరితే గుడ్లు చచ్చిపోతాయి. కడిగిన గుడ్లను డింభకాల టబ్బులో అడుగు మీద ఒకే వరుసగా పరచుకునేటంత మాత్రమే వేసి, మిగిలినవాటిని వదిలేయండి. ఎక్కువ గుడ్ల ఆశ ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన ఆశ.

సుమారు 12 గంటలకు ట్రోకోఫోర్ అనే మొదటి డింభకం గుడ్డు పొర నుంచి బయటపడి, బొంగరంలా తిరుగుతూ నీటి పైభాగానికి చేరుతుంది. టబ్బు పక్కనుంచి టార్చిలైటు వేస్తే, గాలిలోని ధూళి కిరణంలో మెరిసినట్లు లక్షల చుక్కలు కనిపిస్తాయి. ధూళి చుక్కలు కిందికి పడతాయి, డింభకాలు పైకి వెళతాయి. బతికినవాటిని ఇలాగే గుర్తించాలి. ఆ పై నీటిని మాత్రమే మెల్లగా మరో శుభ్రమైన టబ్బులోకి వంపి, అడుగున మిగిలిన గుడ్డు పొరలను, చచ్చిన గుడ్లను పారవేయాలి. ఈ ఒక్క పని చేయకపోతే మరునాటికి ఆ కుళ్లు మీద సిలియేట్లు అనే ఏకకణ జీవులు పుట్టి టబ్బు మొత్తాన్ని ముంచేస్తాయి.

ఒక రోజు గడిచేసరికి అది వెలిజర్ అనే రెండో దశకు చేరుతుంది. భూతద్దం కింద పారదర్శకమైన గుల్ల, దాని నోటి నుంచి బయటికి చాచిన, అంచంతా రోమాలు కదిలే తమ్మెల జత కనిపిస్తాయి. వాటిని ఆడిస్తూ అది ఈదుతుంది, తాకితే మడుచుకొని రాయిలా కిందికి జారుతుంది. ఈ దశలో ఆహారం వేయకూడదు. మెల్లని బుడగలు, స్థిరమైన ఉష్ణోగ్రత, రోజుకోసారి జల్లెడ అడ్డుపెట్టి మూడో వంతు నీరు మార్చడం, ఇంతే కావాలి.

ఏడో మెట్టు: అడుగుకు దిగే రోజు

మూడో రోజు ఉదయం పిప్పెట్‌తో కొన్ని డింభకాలను తీసి, చిన్న గిన్నెలో పాచి పలక ముక్కతో పాటు ఉంచి గమనించండి. ఈదుతున్న డింభకం పలకను తాకి, తమ్మెలను ముడిచి, పాదం చాచి కొంచెం పాకి, మళ్లీ ఎగిరి ఈదితే, సమయం వచ్చినట్లే. పలకలను పిల్లల తొట్టిలో మధ్యలో వేలు పట్టేంత సందుతో నిలువుగా పేర్చి, డింభకాలను అందులోకి పోసి, స్పాంజి ఫిల్టర్‌ను ఒకటి, రెండు రోజులు ఆపి, బుడగలను అతి మెల్లగా ఉంచాలి. పలకలు ఆలస్యమైతే డింభకాలు సొన నిల్వ మీద ఇంకొన్నాళ్లు ఆగగలవు కానీ, ఆగిన ప్రతి రోజూ వాటి బలం తగ్గుతుంది.

ఆ తరువాత వారం, పది రోజులు మీకు ఏమీ కనబడదు. చాలామంది ఇక్కడే ఆశ వదులుకొని నీరు పారబోస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పిల్లలు కనిపించే ముందు వాటి జాడ కనిపిస్తుంది. నాలుగో విడతలో, పన్నెండో రోజు రాత్రి, నేను పలకను వెలుతురుకు ఎదురుగా వంచి చూసినప్పుడు గోధుమ పొర మీద వెంట్రుకంత సన్నని తెల్ల గీత మెలికలు తిరుగుతూ వెళ్లి, ఒకచోట ఆగింది. ఆ గీత చివర భూతద్దం పెడితే, ఉప్పు రేణువంత గుల్ల ఒకటి, తల అటూ ఇటూ ఊపుతూ పొరను గీకుతూ ఉంది. ఆ గీతలను లెక్కపెట్టడమే పిల్లలను లెక్కపెట్టడం.

ఎనిమిదో మెట్టు: పిల్లల మేత

గీతలు కలిసిపోయి పలక తెల్లబడుతోందంటే మేత అయిపోతున్నది. ఆ పలకను బయటికి తీయకుండా, దానికి ఆనించి కొత్త పాచి పలకను పెట్టండి. పిల్లలు తామే దాటుతాయి. ముందుగా పన్నెండు పలకలు చేసి ఉంచమన్నది ఇందుకే. మొదటి రెండు నెలలు ఈ మార్పిడే ప్రధానమైన పని. నీటిని వారానికి రెండుసార్లు పదో వంతు చొప్పున మార్చాలి, గొట్టం మూతికి జల్లెడ గుడ్డ కట్టడం మరువకూడదు. గుల్లలు పెరిగేకొద్దీ చిన్న తొట్టిలో క్షారత ఊహించనంత వేగంగా పడిపోతుంది కనుక వారానికోసారి పరీక్షించాలి.

2, 3 మిల్లీమీటర్లకు చేరాక నోరి ముక్కలను, స్పిరులినా బిళ్లలను చిన్న మోతాదులో అలవాటు చేయవచ్చు. ఒకే విడతలో పుట్టినవి కూడా సమానంగా పెరగవు. కొన్ని బఠాణీ గింజంత అయ్యేసరికి కొన్ని ఇంకా ఆవగింజంతే ఉంటాయి. చిన్నవాటిని వేరు చేసి కొత్త పలక ఇస్తే చాలావరకు కోలుకుంటాయి.

ఈ తొట్టిలో హెర్మిట్ పీతలు ఉండకూడదు, అవి గుల్ల కోసం నత్తను చంపుతాయి. నత్తలను తినే చదును పురుగులు రాతితో పాటు వస్తాయి, కనుక రాయి వేయాలంటే బాగా పరిశీలించి వేయాలి. కోపెపాడ్‌లు పిల్లలను తినవు కానీ వాటి మేతను పంచుకుంటాయి.

నసేరియస్, శంఖపు నత్తల సంగతి

ఇవి పెంచాలనుకొనేవారు ముందు సూక్ష్మ నాచు పెంపకం నేర్చుకోవాలి. స్ట్రాంబస్ ఆడ నత్త ఇసుక రేణువులు అంటిన జిగురు దారంలా గుడ్లు పెడుతుంది. అవి నాలుగైదు రోజుల్లో పగిలి, డింభకాలు మూడు, నాలుగు వారాలు తేలుతాయి. వాటి మేత ఐసోక్రైసిస్, కీటోసెరోస్ వంటి కొద్ది మైక్రాన్ల సూక్ష్మ నాచు కణాలు. చేప పిల్లలకు వేసే రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు వీటి నోటికి పట్టవు. ప్రతిరోజూ నీటిని లేత బంగారు రంగు వచ్చేదాకా నాచుతో నింపడం, రెండు రోజులకోసారి జల్లెడ పట్టి పూర్తిగా నీరు మార్చడం, చివరలో ఎర్ర నాచు సారంతో అడుగుకు దించడం, ఇదంతా ఒక్కరోజు తప్పినా చెడిపోయే పని. ట్రోకస్‌ను రెండు విడతలు విజయవంతంగా పెంచినవారు మాత్రమే దీనికి పూనుకోవడం మంచిదని నా అభిప్రాయం. క్వీన్ కాంక్ అనే పెద్ద శంఖపు నత్త 1992 నుంచి అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందమైన సైటీస్ రెండో అనుబంధంలో ఉన్నందున, దాన్ని సరైన పత్రాలు లేకుండా ఒక దేశం నుంచి మరో దేశానికి తీసుకురాకూడదు.

తొట్టి మార్చడం

పిల్ల ట్రోకస్‌లు 7, 8 మిల్లీమీటర్లు దాటాక పెద్ద తొట్టికి మార్చవచ్చు. సిక్స్‌లైన్ రాస్ వంటి, చిన్న నత్తలను తినే చేపలు ఉన్న తొట్టికైతే 12 మిల్లీమీటర్ల దాకా ఆగండి. పలక మీది నుంచి పిల్లను ఎప్పుడూ పైకి లాగవద్దు, పాదం చిరుగుతుంది. గుల్లను పక్కకు మెల్లగా జరిపితే అదే పట్టు వదులుతుంది. దీపాలు ఆర్పాక, రాయి మొదట్లో, పాదం కిందికి ఉండేలా ఒక్కొక్కటిగా పెట్టాలి. మిగిలినవాటిని ఇతర పెంపకందారులకు పంచండి కానీ, సముద్రంలో మాత్రం వదలకండి. తొట్టిలోని వ్యాధులు, వేరే సముద్రపు జాతులు అక్కడికి చేరడం మంచిది కాదు. తరువాతి తరానికి పెద్ద నత్తలుగా ఉంచుకొనేవాటిని ఒకే విడత నుంచి తీసుకోకుండా, వేర్వేరు తల్లుల విడతల నుంచి మూడేసి చొప్పున ఎంచి, గుల్ల మీద విడతకొక రంగు చుక్క పెట్టి, వేరే తొట్టిలో ఉంచుకోండి.